మూడు రంగుల రిబ్బను మీద మా నైటీలు

ఆ రోజుల్లో జర్మనీలో దేనికైనా టెర్మిన్ ఉండాల్సిందే. టెర్మిన్ అంటే ముందుగా అడిగి పుచ్చుకున్న సమయం. జుట్టు కత్తిరించుకోవాలంటే టెర్మిన్, లైబ్రరీ పుస్తకం తిరిగివ్వాలంటే టెర్మిన్, పాత పరుపు పారేయాలన్నా టెర్మినే. కరోనా వచ్చాక ఒక్క తుమ్ముకి తప్ప అన్నిటికీ టెర్మిన్ అయిపోయింది (తుమ్మితే మాత్రం ఏ టెర్మినూ లేకుండానే బస్సులో మన చుట్టూ నాలుగు సీట్లు ఖాళీ అయ్యేవి). ఇప్పుడు ఇంట్లో మూడు గంటల్లో ఉతికి, ఆరబెట్టి, పాట పాడి పిలిచే మిషను ఉంది. దాని ముందు నిలబడి బట్టలు తీస్తుంటే అప్పుడప్పుడు నాలో నేనే నవ్వుకుంటాను. ఒకప్పుడు ఉతుక్కోవడానికి దేశం దాటి వెళ్ళినదాన్ని మరి.

మేముండేది సార్లాండ్‌లో, ఫ్రాన్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊళ్ళో, స్టూడెంట్ హాస్టల్‌లో. నాకు మాస్టర్స్ పూర్తి కావచ్చింది. మ్యూనిక్‌లో ఒక కంపెనీ వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు, ఒకటో తారీఖున చేరమన్నారు. చేరాలంటే కొత్త వీసా కార్డు చేతికి రావాలి. పాతదానికి గడువు అయిపోయింది, కొత్తది ఆఫీసులో ఎక్కడో ఇరుక్కుపోయింది, మధ్యలో నాకో మడత కాగితం ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని జర్మనీలో ఉండొచ్చు. కానీ పొరపాటున దేశం దాటితే మళ్ళీ రానిస్తారా లేదా అన్నదాని మీద సీనియర్లు తలా ఒక మాట చెప్పేవారు. ఒకాయనైతే 'దాటినట్టు తెలిస్తే కార్డు ఆపేస్తరు, నీ ఉద్యోగం గంగల కలుస్తది' అని ఫోన్లో భయపెట్టి, ఆ వెంటనే వంకాయ కూరలో ఎన్ని నువ్వులు వేయాలని అడిగాడు. ఆ రోజు నుంచి నేను బ్రెడ్డు కొనడానికి వెళ్ళినా ఆ కాగితాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి వెంట తీసుకెళ్ళేదాన్ని.

నా గదిలో ఉండే ఆవిడ వదిన. వదిన ఏ అన్నకూ భార్య కాదు. హాస్టల్‌కి వచ్చిన కొత్తలో ఎవరో కుర్రాడు ఆవిడ ప్రెషర్ కుక్కర్ అడగడానికి భయపడి 'వదినా' అన్నాడట, అదే స్థిరపడిపోయింది. అమలాపురం దగ్గర పల్లె. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్ద, ధైర్యంలో ఇరవయ్యేళ్ళు పెద్ద. మాది జగిత్యాల. ధైర్యం సంగతి మా ఇంట్లో వాళ్ళనే అడగాలి.

ఆ ఎండాకాలంలో హాస్టల్ కింద ఉన్న రెండు వాషింగ్ మిషన్లలో ఒకటి మూసేశారు (రెండూ తిరిగితే ఇద్దరు మనుషులు దగ్గర దగ్గరగా నిలబడతారని). మిగిలినదానికి ఒక్కో గదికి రెండు వారాలకొకసారి టెర్మిన్. మా టెర్మిన్ వచ్చిన రోజు పొద్దున్నే మిషను చచ్చిపోయింది. హాస్టల్ బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ తలుపు మీద కాగితం అంటించాడు: బాగుచేసే మనిషి క్వారంటైన్‌లో ఉన్నాడు, దయచేసి ఓపిక పట్టండి. మేము పది రోజులు ఓపిక పట్టాం. ఆ తర్వాత మా ఓపిక కంటే ముందు మా దుప్పట్లు మాట్లాడటం మొదలుపెట్టాయి. చేతులు కడుక్కునే సింకులో చున్నీ పడుతుంది గానీ దుప్పటి పట్టదు. వదిన రెండు రోజులు బాధపడి, మూడో రోజు సాయంత్రం అడవిలోకి నడకకని వెళ్ళి, చీకటి పడకముందే పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఫోను, ముఖంలో వెలుగు.

"ఒసేయ్, రేవు దొరికిందే!" అంది.

ఫోనులో వీడియో చూపించింది. మా హాస్టల్ వెనక బీచ్ అనే పొడవాటి చెట్ల అడవిలో నాలుగు కిలోమీటర్లు నడిస్తే హద్దురాయి వస్తుంది, అది దాటి దిగితే ఫ్రాన్స్ పల్లె. ఊరి పేరు చెప్పను, ఆ ఊరివాళ్ళు ఇప్పటికే చాలా ఓర్చుకున్నారు. వంపు తిరిగిన ఒక్కటే వీధి, చిన్న పసుప్పచ్చ రేగుపళ్ళలాంటి పళ్ళతో వంగిపోయిన తోటలు, సగం కూలి ఐవీ తీగ అల్లుకున్న ఒక పాత కోట గోడ, దాని పక్కన గుండ్రటి బురుజున్న చిన్న చర్చి. చర్చి వెనక గుట్ట కింద నుంచి ఊట నీళ్ళు. ఆ నీళ్ళు వచ్చి పడేచోట రాతి స్తంభాల మీద పెంకుల కప్పు వేసి, కింద పొడుగాటి రాతి తొట్లు రెండు కట్టారు, ఒకదాని కింద ఒకటి. తొట్టి అంచులకు లోపలికి వాలుగా నున్నటి రాతి పలకలు. వదిన ఆ పలకల దగ్గర వీడియో ఆపి, బంగారు షాపులో గాజులు చూసినట్టు చూసింది. "ఈ వాలు చూడవే. ఇది ఉతకడానికి కాపోతే ఇంకెందుకే?" అంది. అక్కడున్న బోర్డును ఫోనుతో తర్జుమా చేసిందట. మొదటి లైను వచ్చింది: ఊరి ఉమ్మడి బట్టలుతికే చావడి. మిగతా పది లైన్లు రాకముందే ఫోనులో సిగ్నల్ పోయింది. (అసలు సంగతంతా ఆ పది లైన్లలోనే ఉందని తర్వాత తెలిసింది.)

"వదినా, అది ఫ్రాన్స్. నా కాగితం సంగతి నీకెర్కేనాయె. దొరికితే నా కార్డు పోతది, ఉద్యోగం పోతది" అన్నాను.

"ఆ చెట్ల అవతల ఉన్నదాన్ని కూడా విదేశం అంటారేంటే? మా ఊళ్ళో అయితే అంత దూరం పాలకెళ్తాం. అయినా ఏదైనా చెయ్యకూడదంటే వీళ్ళు బొమ్మ గీసి ఎర్రగీత కొడతారు. అక్కడ ఏ బొమ్మా లేదు" అంది వదిన. రెండేళ్ళు జర్మనీలో ఉన్నవాళ్ళకి ఆ వాదన కాదనడం కష్టం. పైగా నా దుప్పటి నా మాట వినే స్థితిలో లేదు.

ఆదివారం పొద్దున బయలుదేరాం. ఆదివారమైతే ఎవరూ ఉండరని నా తెలివి. రెండు రోలింగ్ సూట్‌కేసుల నిండా బట్టలు, అడవి దారిలో వేర్ల మీద గడగడలాడుతూ లాగాం. దారిలో ఎదురైన ఒక సైకిలాయన మమ్మల్ని చూసి ఎయిర్‌పోర్టుకు దారి తప్పారా అన్నట్టు ఆగి, మాస్కు సర్దుకుని వెళ్ళిపోయాడు. వదిన చేతిసంచిలో ఇండియా నుంచి తెచ్చుకున్న నీలం బట్టల సబ్బులు నాలుగు. హద్దురాయి దగ్గర నేను ఒక్క నిమిషం ఆగి, కాగితం జేబులో ఉందో లేదో తడుముకుని, ఊపిరి బిగబట్టి దాటాను. ఆకాశం కూలలేదు. ఒక పిట్ట అరిచింది, అంతే.

ఊరు నిశ్శబ్దంగా ఉంది. వీధిలో కుక్క కూడా లేదు. చావడి దగ్గరికి వెళ్తే వీడియోలో లేనిది ఒకటి కనిపించింది: ముందు రెండు స్తంభాల మధ్య నడుమెత్తున కట్టిన రిబ్బను, నీలం, తెలుపు, ఎరుపు. "గిదేంది వదినా?" అన్నాను. వదిన తేలిగ్గా తీసేసింది. ఆ సంవత్సరం వసంతమంతా మేం చూసింది టేపులే కదా. పార్కు బెంచీలకి టేపు, పిల్లల ఉయ్యాలకి టేపు, సూపర్ మార్కెట్లో సగం కుర్చీలకి టేపు, అన్నీ ఎరుపూ తెలుపూ. "ఇదీ లాక్‌డౌన్ టేపేనే. విప్పడం మర్చిపోయారు. వీళ్ళకి జెండా అభిమానం ఎక్కువ, నీలం కూడా కలిపారు" అంది. ఎంత బాగా కుదిరిందంటే నేను నమ్మేశాను. కింద నుంచి వంగి లోపలికి దూరాం.

నీళ్ళు చల్లగా, స్వచ్ఛంగా, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేట్టు ఉన్నాయి. వదిన చుడీదార్ మడిచి దోపుకుని పై తొట్టి దగ్గర కూర్చుంది. సబ్బు పెట్టింది, నానబెట్టింది, ఆ తర్వాత నా దుప్పటిని తలమీదికి ఎత్తి పలక మీద ఒక్కటిచ్చింది. ధబ్! ఆ శబ్దం గుట్టకు తగిలి, కోట గోడకు తగిలి, మళ్ళీ మా దగ్గరికి వచ్చింది. "ఆహా, మిషనులో ఈ సుఖం ఉంటుందటే!" అని వదిన రెండోది ఇచ్చింది. నేను నెమ్మదిగా అలవాటు పడ్డాను. పది నిమిషాలకి ఆ పై తొట్టి నురగతో నిండింది, మాకు ఒళ్ళు తెలియని హుషారు వచ్చింది, నాలుగు నెలలుగా గదుల్లో కూర్చుని కంప్యూటర్ తెరల్లో ప్రొఫెసర్ల నుదుళ్ళు చూసిన కసి అంతా ఆ రాయి మీద తీర్చుకున్నాం. ఉతికినవి ఆరేయడానికి తాడు తేలేదని అప్పుడు గుర్తొచ్చింది. వదిన చుట్టూ చూసి రిబ్బను లాగి చూసింది. "గట్టిగానే కట్టారు" అంది. నాలుగు నైటీలు, రెండు లంగాలు, ఒక చున్నీ రిబ్బను మీద వరసగా వేలాడాయి.

ఇప్పుడు చర్చి సంగతి చెప్పాలి. ఊరు ఖాళీగా లేదు. ఊరంతా చర్చిలో ఉంది, ప్రార్థనలో. కరోనా రోజులు కనుక పాటలు పాడకూడదు, అందుకే మాకు చప్పుడు వినపడలేదు. గాలి ఆడాలని తలుపులు బార్లా తీసి పెట్టారు, అందుకే వాళ్ళకి మా చప్పుడు ప్రతి దెబ్బా వినపడింది. ఫాదర్ గారు ఒక వాక్యం చెప్పడం, ధబ్, ఇంకో వాక్యం, ధబ్, ఇలా ముగింపు దాకా లాక్కొచ్చారట పాపం. గంట మోగింది. నేను తలెత్తేసరికి నలభై మంది మాస్కులు పెట్టుకుని, మనిషికీ మనిషికీ మీటరు దూరం పాటిస్తూ, గుట్ట పక్కనుంచి చావడి వైపు వస్తున్నారు. అందరికంటే ముందు నడివయసాయన, కోటు మీద అడ్డంగా మేయర్లు వేసుకునే మూడు రంగుల పట్టీ. ఆ పక్కన ఒకావిడ చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కత్తెర. ఊరివాళ్ళు ఆ చావడికి మరమ్మతులు చేయించి, వసంతంలో జరగాల్సిన ప్రారంభోత్సవం లాక్‌డౌన్ వల్ల ఆగి, ఆ ఆదివారం పెట్టుకున్నారు. ఆ రిబ్బను అందుకు, బోర్డు మీద మేం చదవని పది లైన్లూ ఆ సంగతే.

కాళ్ళు చల్లబడ్డాయి అంటారే, నావి అప్పటికే ఊట నీళ్ళలో ఉన్నాయి కనుక తేడా తెలియలేదు. కళ్ళ ముందు వరసగా తిరిగాయి: పోలీసులు, కాగితం, ఆగిపోయిన కార్డు, మ్యూనిక్‌లో నా కోసం పెట్టిన ఖాళీ కుర్చీ. మేయరు గారు రిబ్బను వైపు చూశారు. నైటీల మీద పూలు పెద్దపెద్దవి. ఆయన ఫ్రెంచిలో ఏదో అడిగారు. వదిన లేచి నిలబడి, నుదుటి మీద నురగ తుడుచుకుని, "వాషింగ్ సర్. ఓన్లీ వాషింగ్" అంది. ఎవరూ కదల్లేదు.

అప్పుడు వెనకనుంచి ఒక ముసలావిడ వచ్చింది. తొంభై దాటి ఉంటాయి. కర్ర ఊతం, నల్ల కోటు, మాస్కు గడ్డం కిందికి జారిపోయి ఉంది. ఆవిడకి అందరూ దారి ఇచ్చారు. రిబ్బను కత్తిరించాల్సింది ఆవిడే. ఆ చావట్లో బట్టలుతికినవాళ్ళలో బతికి ఉన్నది ఆవిడొక్కతే. ఆ సరిహద్దు పల్లెల్లో పెద్దవాళ్ళు జర్మన్‌కి దగ్గరగా ఉండే యాస ఒకటి మాట్లాడతారు, నాకు సగం అర్థమయ్యేది. ఆవిడ నా దుప్పటి అంచు పట్టుకుని వేళ్ళ మధ్య నలిపి చూసింది. కర్రతో పై తొట్టిని టకటక కొట్టింది.

"ఇక్కడ సబ్బు పెట్టమని మీకెవరు చెప్పారు? ఇది జాడించుకునే తొట్టి. సబ్బు కింద తొట్టిలో! మీ మురికి కిందవాళ్ళ మీదికి వదుల్తారా?"

నేను వదినకి తెలుగులో చెప్పాను. వదినకి పౌరుషం వచ్చింది. "మాకూ తెలుసునండీ! మా కాలవ రేవులో కూడా అంతేనండీ! కానీ కింద ఎవరూ లేరు కదాండీ, చెప్పవే ఆవిడకి" అంది. చెప్పాను. ముసలావిడ కింది తొట్టి వైపు చూసింది.

"అవును, ఎవరూ లేరు" అంది. "నా చిన్నతనంలో అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది. చోటు కోసం కొట్టుకునేవాళ్ళం."

నేను దాన్ని తెలుగులోకి మార్చి చెప్పాను. వదిన విని, నానిన బట్టలన్నీ రెండు చేతులా ఎత్తుకుని, దిగి, కింది తొట్టి దగ్గర కూర్చుంది. ముసలావిడ తల ఊపి, తొట్టి గట్టు మీద కూర్చుని, నాకూ కర్రతో చోటు చూపించింది. ఆ తర్వాత గంటసేపు ప్రారంభోత్సవం ఏమైందో ఎవరికీ పట్టలేదు. సబ్బు ఎంత పెట్టాలో, మెడపట్టీ ఎలా రుద్దాలో ఆవిడ చెప్పడం, నేను తెలుగు చేయడం, వదిన "అదేనండీ, మేమూ అదే చేస్తాం" అంటూ తన పద్ధతిలోనే చేయడం. దుప్పటి పిండాల్సి వస్తే ముసలావిడ మేయరు గారిని పేరు పెట్టి పిలిచింది. ఆయన పట్టీతో సహా వచ్చి ఒక కొస పట్టుకున్నారు, వదిన ఇంకో కొస. దుప్పటి పొడుగు రెండు మీటర్లు, ప్రభుత్వం చెప్పిన దూరానికి రెట్టింపే. ఆయన కుడికి తిప్పితే వదిన ఎడమకి తిప్పింది, దుప్పటి మెలిపడకుండా గుండ్రంగా తిరిగింది, చుట్టూ ఉన్నవాళ్ళు మాస్కుల వెనక నవ్వడం కళ్ళలో కనిపించింది. చివరికి కత్తెర తెస్తే తడిసిన రిబ్బను తెగలేదు. "వదిలెయ్" అంది ముసలావిడ. "ఈ పిల్లలు తెరిచేశారుగా."

ఎవరో ఆ పసుపు పళ్ళు వేసి కాల్చిన రొట్టె ముక్కలు తెచ్చారు. ఊరి పత్రికకు ఒకాయన ఫొటోలు తీశాడు. నేను మేయరు గారి దగ్గరికి వెళ్ళి నాకొచ్చిన జర్మన్‌లో, "సార్, ఇది ఎక్కడా రాయరు కదా?" అని అడిగాను. "రాయకపోతే ఎలా? మొదటి పేజీలో వేస్తాం!" అన్నారాయన సంతోషంగా. వచ్చేటప్పుడు ముసలావిడ కర్రతో నా సూట్‌కేసు తట్టి చివరి మాట చెప్పింది: ఉతకడం సోమవారం, ఆదివారం కాదు. ఆదివారం ఉతికేది బుద్ధిలేనివాళ్ళు.

గురువారం కార్డు కోసం వీసా ఆఫీసులో నా టెర్మిన్. నాలుగు రాత్రులు నిద్ర లేదు. వదిన నన్ను కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చింది. "దేశం దాటావా అని అడిగితే లేదు అను. ఒక్క ముక్క. అంతకంటే ఒక్క అక్షరం మాట్లాడకు." నేను దారంతా ఆ ముక్క వల్లె వేస్తూ వెళ్ళాను. అద్దం అవతల అధికారి గారు, ఇవతల నేను, మధ్యలో కార్డు ఉన్న కవరు. నా చేతికి జానెడు దూరంలో ఉంది. ఆయన కంప్యూటర్ చూస్తూ అడిగారు: "గడువు ముగిశాక జర్మనీ విడిచి వెళ్ళారా?"

నేను నోరు తెరిచాను. "వెళ్ళాను" అని వచ్చింది.

"ఎక్కడికి?"

"ఫ్రాన్స్‌కి."

"ఎన్నాళ్ళు?"

"మూడు గంటలు."

"దేనికి?"

"బట్టలు ఉతుక్కోవడానికి."

టైపింగు ఆగింది. ఆయన మొదటిసారి నావైపు చూశారు. నేనిక ఆగలేకపోయాను. దుప్పటి, నైటీలు, రిబ్బను, పై తొట్టి, కింది తొట్టి అన్నీ చెప్పేశాను. పత్రికలో ఫొటో వస్తుందని కూడా నేనే చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మీ ఊళ్ళో ఎందుకు ఉతుక్కోలేదు?" అన్నారు. "టెర్మిన్ దొరకలేదు" అన్నాను. ఆ మాటకు ఆయన ముఖంలో, అంటే మాస్కు పైన కనిపించే సగం ముఖంలో, నిజమైన జాలి కనిపించింది. ఇంతసేపూ ఆయనకు అర్థమైన ఒకే ఒక్క కారణం అదే అనుకుంటాను. "ఈ ఫారంలో దీనికి గడి లేదు" అని ఒక బటన్ నొక్కి, కవరు అద్దం కిందనుంచి నావైపు తోశారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వదిన ఫోన్లో మొదట బూతులు తిట్టి, తర్వాత తనూ ఏడ్చింది.

సోమవారం ఇద్దరం మళ్ళీ వెళ్ళాం, ఈసారి కార్డుతో. ముసలావిడ చావడి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. నేను గొప్పగా కార్డు తీసి చూపించాను. ఆవిడకి వీసా అంటే ఏమిటో తెలియదు, దాని మీద ఉన్న నా ఫొటోనే చాలాసేపు చూసింది. "ఎవరీ పిల్ల? దేనికి ఇంత భయపడిపోతోంది?" అంది. నేనేనని చెబితే నమ్మలేదు. నాతో పోల్చి చూసి, కాదులే అన్నట్టు చెయ్యి ఊపి, కింది తొట్టిలో చోటు చూపించింది. ఆ వారాంతంలోనే నేను మ్యూనిక్ వెళ్ళిపోయాను. చలికాలం దాకా వదిన ప్రతి సోమవారం వెళ్ళేది. హాస్టల్ మిషను బాగైన సంగతి తను ముసలావిడకి చెప్పలేదట.

ఆ కార్డుకి గడువు అయిపోయి చాలా కాలమైంది. ఒక మూల కత్తిరించి నాకే ఇచ్చేశారు, సొరుగులో ఉంటుంది. ఇప్పుడు నేను ఫారాలు నింపడంలో ఆరితేరాను. ఏ గడిలో ఏం రాస్తే ఎవరూ మరో ప్రశ్న వేయరో నాకు బాగా తెలుసు. నిజమైనా కాకపోయినా అదే రాస్తాను కూడా. ఎప్పుడైనా ఏదో వెతుకుతుంటే ఆ కార్డు చేతికి తగులుతుంది, ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని నావైపే చూస్తూ ఉంటుంది. దేనికే అంత భయం అని అడగాలనిపిస్తుంది. అడిగితే ఒక్క ముక్క దాచకుండా అంతా చెప్పేస్తుందని తెలుసు. చెప్పాక తిరిగి నన్నేం అడుగుతుందోనని, చిన్నగా నవ్వేసి, సొరుగు మూసేస్తాను.